‘సంరక్షకురాలి’ ఆర్కిటైప్ అన్నారు.. నిద్ర పట్టడం లేదు!

ప్రశ్న: నా వయసు 31. కావలి దగ్గర పల్లె. మంచంలో ఉన్న మామగారి సేవ, పిల్లలు, ఇంటిపని అంతా నాదే. నెలన్నరగా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది. దేనిమీదా ఆసక్తి లేదు. ఆన్‌లైన్ క్విజ్‌లో నాది ‘సంరక్షకురాలు’ ఆర్కిటైప్ (మూలరూపం) అని వచ్చింది. అది పుట్టుకతో వచ్చిన స్వభావం, మారదని ఒక లైఫ్ కోచ్ చెప్పి, ‘షాడో వర్క్’ (మనసులో అణచుకున్నవాటిని బయటికి తీసే సాధన) క్లాసులో చేరమంటున్నారు. చేరవచ్చా?

జవాబు: ఇప్పుడు వద్దమ్మా. మీరు చెప్పిన రెండు లక్షణాలూ రెండు వారాలు దాటి దాదాపు రోజూ ఉంటే డిప్రెషన్‌ని అనుమానిస్తాం. దాన్ని స్వభావమని సరిపెట్టుకుంటే వైద్యం ఆలస్యమవుతుంది.

ఆర్కిటైప్ అనే మాటను స్విట్జర్లాండ్ సైకియాట్రిస్టు కార్ల్ యుంగ్ 1919 నుంచి వాడారు. తల్లి, వీరుడు వంటి రూపాలు అన్ని జాతుల కథల్లో, కలల్లో ఎందుకు కనిపిస్తాయన్నది ఆయన ప్రశ్న. అవి అందరిలోనూ ఉంటాయన్నారు తప్ప మనిషికొకటి పంచిపెట్టలేదు. క్విజ్‌లలోని 12 రకాల జాబితా తర్వాతివాళ్లు తయారుచేసింది. దానితో ఏ డాక్టరూ రోగం నిర్ధారించరు.

పైగా తల్లి రూపానికి యుంగ్ రెండు ముఖాలు చెప్పారు. మన పోలేరమ్మనే చూడండి: ఊరిని కాచేదీ ఆమే, ఆగ్రహిస్తే వణికించేదీ ఆమే. క్విజ్ మీకు మొదటి ముఖమే చూపించింది. రోగిని చూసుకునేవాళ్లకు విసుగు, కోపం రావడం సహజం. అవి తప్పని దాచుకుంటే సాయం అడగడానికి నోరు రాదు. మామగారిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పే పని రాత్రిళ్లూ మీదే అయితే, సగం రాత్రి మీవారు చూసుకోవాలి. ఎవరు ఏం అడిగారు, మీరేమన్నారు, ఏమనాలనిపించింది అని వారంపాటు నోటుబుక్కులో రాయండి. ఏ పని ఎవరికి అప్పగించాలో అందులోనే తేలుతుంది.

హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బీ12, షుగర్ పరీక్షలు చేయించండి. రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ తగ్గినా నీరసం, నిరాసక్తత ఉంటాయి. పీహెచ్‌క్యూ-9 అనే డిప్రెషన్ ప్రశ్నావళి నింపండి: 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. 27కి 10 లేదా అంతకుమించి వస్తే నెల్లూరు సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించుకోండి. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి సున్నా కాకుండా ఏది వచ్చినా మొత్తం మార్కులతో పనిలేదు, ఆ రోజే వెళ్లాలి. రాత్రయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

షాడో వర్క్ పేరుతో చాలాచోట్ల పాత గాయాలు తవ్విస్తారు. నిద్ర లేక, దిగులుతో ఉన్నప్పుడు శిక్షణ లేనివాళ్లు ఆ పని చేయిస్తే దిగులు ముదరవచ్చు. కోలుకున్నాక చేరాలనిపిస్తే, చేయించేవారికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో క్లినికల్ సైకాలజిస్టుగా రిజిస్ట్రేషన్ ఉందేమో అడగండి. నంబరు చెప్పకపోతే డబ్బు కట్టకండి.