డాబా మీద నిలబెట్టే రెండు మీటర్ల గ్రౌండ్ ప్లేన్

చి. వంశీకి ఆశీస్సులు.

హామ్ రేడియో లైసెన్సు చేతికొచ్చింది కదా, 144–146 మెగాహెర్ట్జ్‌కి (తరంగం పొడవు సుమారు రెండు మీటర్లు గనక రెండు మీటర్ల బ్యాండు అంటాం) మొదటి యాంటెనా కొనకు, చేసుకో. క్వార్టర్ వేవ్ గ్రౌండ్ ప్లేన్ చాలు, అంటే తరంగంలో పావు వంతు పొడవున్న నిలువు కడ్డీ, దాని కింద నేలలా పనిచేసే నాలుగు కడ్డీలు (రేడియల్స్). నిటారుగా నిలబెడితే నాలుగు దిక్కులకూ సిగ్నల్ ఒకేలా పోతుంది.

నాలుగు మూలలా బోల్టు రంధ్రాలున్న ఎస్‌ఓ-239 సాకెట్ (కేబుల్ ప్లగ్గు బిగించేది) ఒకటి, రెండున్నర మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ మూడు మీటర్లు, 3 ఎంఎం బోల్టులు నాలుగు తెచ్చుకో. సాకెట్ లోపల పిన్ను చుట్టూ ఉన్నది టెఫ్లాన్ అవునో కాదో చూసి కొను. చవకరకం ప్లాస్టిక్ సోల్డరింగ్ వేడికి మెత్తబడి, పిన్ను పక్కకి ఒరుగుతుంది. 25 వాట్ల ఐరన్‌తో ఈ పని కాదు, కనీసం 60 ఉండాలి.

మధ్య పిన్నుకి సోల్డర్ చేసే నిలువు కడ్డీ సాకెట్ పలక నుంచి కొన దాకా 52 సెంటీమీటర్లు ఉంచు. ట్యూనింగ్‌లో అరగదీశాక చివరికి 49 దగ్గర తేలుతుంది. మూలల బోల్టులకు బిగించే కింది రేడియల్స్ నాలుగూ 52 చొప్పున. వాటిని మళ్ళీ ముట్టుకోనక్కర్లేదు. బోల్టు కోసం కొస చుట్టేటప్పుడు ఇత్తడి పుటుక్కున విరుగుతుంది, ముందు ఎర్రగా కాల్చి చల్లార్చు. రేడియల్స్‌ని 45 డిగ్రీలు కిందికి వంచు. అడ్డంగా వదిలేస్తే ఇంపెడెన్స్ (రేడియో కరెంటుకి యాంటెనా చూపే అడ్డు) 36 ఓమ్‌ల దగ్గర ఆగిపోతుంది, వంచితే కేబుల్‌కి సరిపోయే 50కి చేరువవుతుంది.

ట్యూనింగ్ గదిలో కుర్చీకి కట్టి చెయ్యకు. స్లాబు ఇనుము, కిటికీ ఊచలు అన్నీ లెక్క చెడగొడతాయి. పిట్టగోడ కంటే రెండు మీటర్లు పైన, కరెంటు తీగలకు బాగా దూరంగా పెట్టి చూడు. నానో వీఎన్‌ఏని (యాంటెనా ఏ ఫ్రీక్వెన్సీకి కుదిరిందో గీత గీసి చూపే చిన్న మీటరు) కేబుల్ పై కొస దగ్గరే క్యాలిబ్రేట్ చెయ్యి. గీతలో పల్లం (డిప్) 145 కంటే కింద కనిపిస్తే కడ్డీ పొడవెక్కువని. ఒక్క సెంటీమీటరుకి దాదాపు 3 మెగాహెర్ట్జ్ జరుగుతుంది కాబట్టి కట్టర్ పక్కనపెట్టి ఆకురాయి పట్టు, ఒకసారికి రెండు మిల్లీమీటర్లే. కేబుల్‌ని చేత్తో పట్టుకుంటే రీడింగ్ మారుతోందా? దాని బయటి లోహపు అల్లిక మీద ఆర్‌ఎఫ్ (రేడియో కరెంటు) పారుతోందన్నమాట. దాన్ని ఆపడానికి యాంటెనా కిందే కేబుల్ చుట్టూ, వీహెచ్‌ఎఫ్‌కి (మన బ్యాండు ఉన్న ఫ్రీక్వెన్సీ శ్రేణి) పనికొచ్చే ఫెరైట్ క్లాంపులు నాలుగైదు వెయ్యి.

అందరూ మోసపోయేది కేబుల్ దగ్గరే. ఇరవై మీటర్ల సన్నని ఆర్‌జీ-58 కేబుల్ ఈ బ్యాండులో సుమారు 4 డీబీ (డెసిబెల్స్, అంటే సగానికి పైగా పవర్) తినేస్తుంది. నీ 5 వాట్లలో పైకి చేరేది రెండే. తిరిగొచ్చే పవర్‌నీ అలాగే తింటుంది గనక, పైన యాంటెనా ఊడిపోయినా కింద మీటరు ఎస్‌డబ్ల్యూఆర్ (పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే అంకె, 1కి దగ్గరైతే మంచిది) రెండున్నర లోపే చూపిస్తుంది! లావుపాటి ఆర్‌జీ-213 కేబుల్ లాగితే మూడు వాట్లకు పైనే చేరతాయి.

కీళ్ళకి సాగదీసి చుట్టే రబ్బరు టేపు వెయ్యి. వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ వద్దు, రాగిని తినేస్తుంది. వాన వెలిశాక ఎస్‌డబ్ల్యూఆర్ ముందుకంటే బాగున్నట్టు కనిపిస్తే సంతోషపడకు, కేబుల్లోకి నీళ్ళు దిగాయి.

73 (హామ్‌ల భాషలో శుభాకాంక్షలు),
మీ పెదనాన్న