అమ్మాయి క్వయర్ పాటల కంపెనీ పెడతానంటోంది, చుట్టాలకి ఏం చెప్పాలి?

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువులు చేస్తాను. మా అమ్మాయి బీకాం పూర్తి చేసింది. చిన్నప్పటి నుంచి చర్చిలో కీబోర్డు వాయిస్తుంది, క్వయర్‌లో, అంటే కలిసి పాడే బృందంలో, నాలుగు గొంతులకీ విడివిడిగా పాట రాసి ఇస్తుంది. ఇప్పుడు ఊరూరా పాటలు కట్టేవాళ్ళ దగ్గర తీసుకుని, క్వయర్‌ల కోసం అచ్చువేసి అమ్మే కంపెనీ పెడతానంటోంది. హక్కులు వాళ్ళకే ఉంచుతుందట, వచ్చినదాంట్లో సగం వాళ్ళకే ఇస్తుందట. మేము బ్యాంకు కోచింగ్ అనుకున్నాం. మా బావమరిది హైదరాబాద్‌లో మ్యూజిక్ ప్రొడక్షన్ డిప్లొమా చేయించమంటున్నాడు, ఐదు లక్షలు అవుతుందట. మూడూ పోల్చి ఏది మంచిదో చెప్పండి. ఇంటికొచ్చినవాళ్ళు అమ్మాయి ఏం చేస్తోందని అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు. తను రాసిన పాట రెండు పేజీలు పంపుతున్నాను.

జవాబు: నమస్కారమండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో జీతం గురించి ఒక్క మాట లేదు, చుట్టాల గురించి ఉంది. ఇది మీ ఒక్కరి సంగతి కాదు. కొడుకు బొమ్మలు వేస్తానంటున్నాడని రాసేవాళ్ళూ, కూతురు కేకులు చేస్తానంటోందని రాసేవాళ్ళూ ఆఖర్న ఈ మాటే రాస్తారు. కాబట్టి ముందు దానికే జవాబు. ఎవరైనా అడిగితే ‘పబ్లిషరండి’ అనండి. ఏం పబ్లిష్ చేస్తుందంటే ‘సంగీతం’ అనండి. అబద్ధం కాదు, దాచుకోవాల్సిన పనీ కాదు. ఆ తర్వాత వాళ్ళకి అర్థం కాకపోతే అది వాళ్ళ సమస్య.

ఇక అమ్మాయి చెబుతున్న కంపెనీ ఏమిటో మీకు అర్థమయ్యేలా చెబుతాను. మీ నరసాపురం చుట్టుపక్కల ఇళ్ళల్లో ఆడవాళ్ళు లేసు అల్లుతారు కదా. అల్లినావిడకి పీసుకి ఇంత అని చేతిలో పెడతారు. ఆ పీసు విదేశంలో ఎంతకి అమ్ముడైందో ఆవిడకి తెలియదు. పాటలు కట్టేవాళ్ళ పరిస్థితీ అచ్చంగా ఇదే. పాట ఒకసారి రాసిస్తాడు, మూడు వేలో ఐదు వేలో తీసుకుంటాడు, ఆ తర్వాత అది పదేళ్ళు నడిచినా అతనికి సంబంధం లేదు. విదేశాల్లో క్వయర్ సంగీతం వేసే పెద్ద పబ్లిషర్ల పాత పద్ధతి కూడా మరీ ఉదారమైందేం కాదు. కాపీరైట్ రాయించుకుని, అమ్మకం ధరలో పది శాతం చుట్టూ రచయితకి ఇవ్వడం అక్కడ మామూలు. మీ అమ్మాయి అంటున్నది దీనికి ఎదురు పద్ధతి. హక్కు రచయిత దగ్గరే ఉంటుంది, కంపెనీకి అచ్చువేసి అమ్మే అనుమతి మాత్రమే ఉంటుంది, లెక్క ఇద్దరికీ కనబడుతుంది. ఇరవై రెండేళ్ళ పిల్లకి ఈ ఆలోచన వచ్చిందంటే నేనైతే ముచ్చటపడతాను. మీరేమో నాకు ఉత్తరం రాశారు.

ఈ పనిలో సంగీతం ఎంతో, కాగితాలూ అంతే. ఇక్కడే బీకాం పనికొస్తుంది. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని ప్రకారం హక్కులు రాసివ్వడం నోటి మాటగా చెల్లదు, సంతకంతో కాగితం ఉండాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే ఐదేళ్ళకే అనుకుంటారు, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటారు. పాటలో మాటలు వేరు, సంగీతం వేరు, రెండూ చట్టం దృష్టిలో రెండు వేర్వేరు రచనలు. తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు 1890లో పోయారు కాబట్టి ఆయన కీర్తనల మాటలు ఎవరైనా వాడుకోవచ్చు. కానీ అదే కీర్తనకి నిన్నగాక మొన్న ఎవరో కట్టిన కొత్త వరస అలా వాడుకోవడానికి లేదు. రచయిత పోయాక, మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. ఇవన్నీ అమ్మాయి చేతివేళ్ళ మీద ఉండాలి. పాట ఎంత బాగున్నా, కాగితం సరిగా లేకపోతే కంపెనీ మొదటి గొడవకే మూతపడుతుంది.

ఇంకొక సంగతి తనకి తెలుసో లేదో. ఆరాధనలో భాగంగా పాట పాడితే అది కాపీరైట్ ఉల్లంఘన కాదని చట్టమే చెబుతోంది. అంటే ఆదివారం చర్చిలో పాడినందుకు రూపాయి రాదు. కానీ పాడటం వేరు, కాగితం కాపీ తీయడం వేరు. ఈ తేడా మన దగ్గర ఎవరికీ పట్టదు. నేనూ మినహాయింపు కాదు. కాలేజీ రోజుల్లో భీమవరంలో క్రిస్మస్ ప్రోగ్రాంకి ఒక్క పుస్తకం కొని ముప్పై ఐదు జిరాక్సులు తీయించాం. తప్పు చేస్తున్నామని ఒక్కరికీ అనిపించలేదు. జిరాక్సుకి అయిన ఖర్చు లెక్కేస్తే మరో రెండు పుస్తకాలు వచ్చేవి.

కాబట్టి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందంటారా? విదేశాల్లో క్వయర్‌లు ఎంతమంది పాడితే అన్ని కాపీలు కొంటాయి. ఇప్పుడు చాలా వరకు పీడీఎఫ్ అమ్ముతారు, ‘ముప్పై కాపీలకి అనుమతి’ అని పేజీ కింద క్వయర్ పేరుతో సహా అచ్చవుతుంది. కాపీ వంద రూపాయలనుకోండి, ముప్పై మంది క్వయర్ అంటే మూడు వేలు. సగం రచయితకి, సగం కంపెనీకి. నెలకి పది క్వయర్‌లు కొంటే కంపెనీకి పదిహేను వేలు. అందులోంచి వెబ్‌సైటు, శాంపిల్ రికార్డింగు, పేమెంట్ గేట్‌వే ఖర్చులు పోతాయి. నెలకి పది క్వయర్‌లు మొదటి ఏడాది రావు. రెండో ఏడాదీ రాకపోవచ్చు. ఇది తనకి గట్టిగానే చెప్పండి. పాట ఒకటి వేస్తే ఇరవై ఏళ్ళు కొద్దికొద్దిగా అమ్ముడయ్యే వ్యాపారం ఇది, కొబ్బరితోటలాంటిది. కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో) చూసుకుని చెరువు పట్టేసి డబ్బు చేతిలో వేసుకునే పని కాదు.

కొనేవాళ్ళు ఉన్నారా అంటే ఉన్నారు, కాకపోతే మీ వీధిలో లేరు. మద్రాస్ మ్యూజికల్ అసోసియేషన్ 1893 నుంచి ఉన్న క్వయర్. చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ గారు 1970లలో మద్రాస్ యూత్ క్వయర్ పెట్టి, చర్చితో పనిలేకుండా మన భాషల్లో బృందగానాలు పాడించారు. అమెరికాలో తెలుగు సంఘాలున్నాయి. తెలుగు రాని క్వయర్‌లు కూడా కొత్త భాషలో పాట కోసం వెతుకుతుంటాయి. వాళ్ళకి అమ్మాలంటే ప్రతి పాటకీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉచ్చారణ ఇవ్వాలి, ఎవరైనా నెమ్మదిగా చదివిన రికార్డింగు జతచేయాలి. ‘ళ’ పలకడం వాళ్ళకి కాగితం మీద నేర్పలేం.

ఇప్పుడు మీ బావమరిది గారి డిప్లొమా. ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ ఏడాది నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో చాలామంది నోట ఇదే మాట. లాప్‌టాప్, మైకు, సాఫ్ట్‌వేరు, గోడలకి స్పాంజి, ఇంట్లోనే స్టూడియో. ఆ తర్వాత యూట్యూబ్ ఛానల్, పాటకి డ్రోన్ షాట్, కొబ్బరిచెట్లు, వరిచేలు, గోదావరి గట్టు మీద తెల్లచీర. చూడ్డానికి బాగుంటాయి, కాదనను. కానీ అక్కడ డబ్బు ఎవరిస్తున్నారో ఒక్కసారి చూడండి. వినేవాడు ఇవ్వడం లేదు. పాట రాసుకున్న ఆయనే తన జేబులోంచి ట్రాక్‌కి, సింగర్‌కి, వీడియోకి కడుతున్నాడు. అంటే ఈ స్టూడియోల ఆదాయం చాలావరకు పాట రాసినవాళ్ళ ఆశ మీద నడుస్తోంది. ఒక ఊళ్ళో రెండు స్టూడియోలున్నప్పుడు సరే, నాలుగైనప్పుడు రేటు తగ్గుతుంది. ఇప్పుడు ఫోన్‌లో నాలుగు మాటలు టైప్ చేస్తే ట్రాక్ తయారుచేసే ఏఐ కూడా వచ్చింది. ఐదు లక్షలు కట్టి నేర్చుకున్న పనికి ఆ ధర ఎన్నాళ్ళు నిలుస్తుంది? నా అనుమానం తప్పు కావచ్చు, బాగా చెవి ఉన్నవాడికి సౌండ్ పని ఎప్పుడూ ఉంటుంది. కానీ మీ అమ్మాయి సౌండ్ పని అడగలేదు కదండీ. ఆమె అడిగింది ఒకటి, మీరు ఐదు లక్షలు పెట్టి కొనిపెట్టబోతున్నది ఇంకొకటి.

తను కూడా ఒక గీత గుర్తుపెట్టుకోవాలి. పాట వేయడానికి రచయిత దగ్గర డబ్బు తీసుకున్న రోజు తను పబ్లిషర్ కాదు, ప్రింటింగ్ ప్రెస్. ఆదాయం పాడేవాళ్ళ దగ్గర్నుంచే రావాలి.

ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. ఎకరం చెరువులో లక్షపైన పిల్ల వేసేటప్పుడు మీరు ఎవరినైనా గ్యారంటీ అడిగారా? వైట్ స్పాట్ తెగులు వచ్చి రాత్రికి రాత్రి పట్టేసిన పంట ఉండే ఉంటుంది. మళ్ళీ సున్నం కొట్టి, నీళ్ళు పెట్టి, సీడ్ వేయలేదూ? ఆ ధైర్యం మీకు వ్యాపారం. అదే ధైర్యం కూతురు చూపిస్తే మీకు టెన్షన్. తను అడుగుతున్నది ఐదు లక్షలు కూడా కాదు. పాటని స్వరాల గుర్తులతో (నొటేషన్) రాసే సాఫ్ట్‌వేరు మ్యూస్‌స్కోర్ ఉచితం. ఉచితం కదా అని చిన్నచూపు అక్కర్లేదు. 1988 నుంచి ఎంతోమంది డబ్బు పెట్టి కొనుక్కుని వాడిన ఫినాలే అనే ఇలాంటి సాఫ్ట్‌వేరునే 2024 ఆగస్టులో ఆపేశారు. అందుకే ప్రతి పాటనీ మ్యూజిక్ ఎక్స్‌ఎంఎల్‌లో (వేరే నొటేషన్ సాఫ్ట్‌వేరులో కూడా తెరుచుకునే ఫైలు), పీడీఎఫ్‌లో కూడా దాచుకోమనండి. మొదటి ఏడాది అసలు ఖర్చు, లాయర్ చేత ఒక మంచి అగ్రిమెంటు నమూనా రాయించుకోవడం. దానికి మాత్రం పిసినారితనం చేయకండి.

పోల్చమన్నారు కదా, బ్యాంకు గురించి కూడా రాయాలి. కోచింగ్ చెడ్డదేం కాదు, మీకు తెలిసిందే, నేను కొత్తగా చెప్పేదేం లేదు. తనకి ఇష్టం లేకుండా పంపితే మాత్రం రెండేళ్ళు హాస్టల్ ఫీజు కట్టి, తిరిగి ఇదే ఉత్తరం రాస్తారు. నాకు తోచింది ఇది: భీమవరంలోనో పాలకొల్లులోనో ఏదైనా ఆడిటర్ దగ్గర రెండేళ్ళు పనికి చేరమనండి. జీతం తక్కువైనా లెక్కలు చేతికొస్తాయి, ఇంట్లో ఉన్నట్టూ ఉంటుంది. సాయంత్రాలు కంపెనీ పని. మొదటి ఏడాది ముగ్గురే రచయితలు, పది పాటలు, అంతకు మించి వద్దు. ఆరు నెలలకోసారి ఒక్కొక్కరికీ రాయల్టీ స్టేట్‌మెంట్ పంపాలి. అమ్ముడైంది సున్నా అయినా సున్నా అని రాసి పంపాలి. రచయితలు నమ్మేది ఆ కాగితాన్నే.

రెండేళ్ళలో ఏమీ కాకపోతే? ఆడిటర్ ఆఫీసులో రెండేళ్ళ అనుభవం ఉంటుంది, వయసు ఇరవై నాలుగే ఉంటుంది. మునిగేది ఏముందండీ?

ఇక మీరు పంపిన రెండు పేజీలు. తెలుగు మాటల్ని స్వరాల గుర్తుల (నోట్ల) కింద పెట్టడం తేలిక పని కాదు. హైఫన్ నొక్కితే కర్సర్ పక్క నోటు కిందికి దూకుతుంది, ఎక్కడ విరవాలో రాసేవాళ్ళకే తెలియాలి. తను ‘స్తోత్రము’ని స్తో, త్ర, ము అని సరిగ్గానే విరిచింది కానీ ప్రింటులో ‘త్ర’ వత్తు విడిపోయింది. ఫాంటు మార్చి చూడమనండి. నన్ను ఆపేసింది మాత్రం మొదటి పేజీ చివర. అక్కడ పేజీ తిప్పాలి, సరిగ్గా అక్కడే ఆల్టోలకి (కింది స్థాయి ఆడగొంతులకి) రెండు మాత్రల విరామం వచ్చేలా పేజీ కుదిర్చింది. పాడేవాడి చేతిలో కాగితం ఎలా కదులుతుందో ఆలోచించి చేసిన పని అది. డిప్లొమాలో అది చెప్పరు.

రెండో పేజీలో టెనర్ (పై స్థాయి మగగొంతు) లైను హై ‘ఏ’ అనే పై స్వరం దాకా వెళ్తోంది. మన చర్చి సంఘాల్లో ఆ స్వరం అందుకునే కుర్రాడు ఊరికొక్కడు దొరికితే గొప్ప, అతను కూడా క్రిస్మస్‌కి గల్ఫ్‌లో ఉంటాడు. కాస్త కిందికి దించమనండి.