నాలుగు నెలలైనా గూగుల్‌లో మా సైట్ రావడం లేదు!

ప్రశ్న: మంగళగిరి చేనేత చీరలు అమ్మడానికి వర్డ్‌ప్రెస్‌లో సైట్ పెట్టి నాలుగు నెలలైంది. చీరల వివరాలన్నీ పోస్టర్లుగా చేసి పెట్టాం. గూగుల్‌లో ఎంత వెతికినా కనిపించడం లేదు. పదిహేను వేలిస్తే మొదటి పేజీలోకి తెస్తామని ఒకరు అంటున్నారు. ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వకండి. మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే చెబుతోంది. ముందు మీ పేజీలు ఇండెక్స్‌లోకి, అంటే గూగుల్ తన దగ్గర నమోదు చేసుకునే పేజీల జాబితాలోకి, చేరాయో లేదో చూడండి. సెర్చ్‌లో ఇంగ్లిష్‌లో ‘సైట్’ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ డొమైన్ పేరు ఇవ్వండి. ఒక్క పేజీ కూడా రాలేదంటే, వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో ‘రీడింగ్’ తెరవండి. ‘డిస్కరేజ్ సెర్చ్ ఇంజిన్స్’ అని మొదలయ్యే గడిలో టిక్ ఉందేమో చూడండి. సైట్ తయారవుతున్నప్పుడు పెట్టిన ఈ టిక్కును తీయడం చాలామంది మర్చిపోతారు. అది ఉన్నంతకాలం ప్రతి పేజీకీ ‘ఇండెక్స్‌లో చేర్చవద్దు’ అని చెప్పే నోఇండెక్స్ ట్యాగ్ పడుతూనే ఉంటుంది. టిక్ తీసి సేవ్ చేశాక, పేజీల కాపీలను దాచిపెట్టి చూపే క్యాషింగ్ ప్లగిన్ ఉంటే ఆ కాపీలను (క్యాష్) కూడా క్లియర్ చేయండి. లేదంటే పాత ట్యాగే వెళ్తుంది.

తర్వాత, గూగుల్‌లో మన సైట్ పరిస్థితి చూపే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో సైట్ మీదేనని వెరిఫై చేసి, సైట్‌మ్యాప్ (సైట్‌లోని పేజీల జాబితా) ఇవ్వండి. ఇదంతా ఉచితమే. 2020లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్సే సైట్‌మ్యాప్ తయారు చేస్తోంది. ముఖ్యమైన పేజీల లింకులను ‘యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్’లో పెట్టి ‘రిక్వెస్ట్ ఇండెక్సింగ్’ నొక్కండి. ‘క్రాల్డ్ - కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్’ అని వస్తే, గూగుల్ పేజీని చూసి కూడా తీసుకోలేదన్నమాట. అప్పుడు మళ్లీ మళ్లీ రిక్వెస్ట్ కొట్టి లాభం లేదు, పేజీలో పనికొచ్చే సమాచారం పెంచాలి.

మీ విషయంలో అసలు చిక్కు పోస్టర్లే. బొమ్మలోని అక్షరాల మీద గూగుల్ ఆధారపడదు. నూలు రకం, అంచు, పొడవు, జాకెట్ ముక్క ఉందో లేదో, ధర, ఉతికే పద్ధతి అన్నీ పేజీలోనే టైప్ చేయండి. డీటీపీ వాళ్లిచ్చిన అను ఫాంట్ల మ్యాటర్‌ను నేరుగా అతికిస్తే అది తెలుగుగా లెక్కలోకి రాదు. ఆ పేజీలోని ఒక వాక్యాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో అతికించి చూడండి. పిచ్చి గుర్తులు వస్తే, ఫోన్లూ వెబ్‌సైట్లూ తెలుగుగా గుర్తించే యూనికోడ్‌లోకి మార్చాల్సిందే. జనం ‘మంగళగిరి’ని ఇంగ్లిష్ అక్షరాల్లోనూ వెతుకుతారు కాబట్టి టైటిల్‌లో రెండు రూపాలూ ఉంచండి. జనం వెతికే మాటలను పేజీ కోడ్‌లో రాసే కీవర్డ్స్ మెటా ట్యాగ్ నింపుతూ కూర్చోవద్దు. ర్యాంకింగ్‌కు దాన్ని వాడడం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది.

లింకు మాత్రం పొట్టిగా, ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టండి. తెలుగులో పెడితే ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకు తొమ్మిదేసి క్యారెక్టర్లు పోతాయి. వర్డ్‌ప్రెస్ పరిమితి 200. ‘మంగళగిరి కాటన్ చీరలు నిజాం అంచు’ అని టైటిల్ ఇస్తే, దాన్నుంచి తయారయ్యే లింకు ‘నిజ’ దగ్గరే తెగిపోతుంది. పేజీలు ఇంకా ఇండెక్స్ కాలేదు కాబట్టి లింకులు మార్చుకోవడానికి ఇదే అదను. పాత లింకులు ఇప్పటికే కస్టమర్లకు పంపి ఉంటే, రీడైరెక్షన్ ప్లగిన్‌తో వాటిని కొత్త వాటికి మళ్లించండి.