పళ్ళ డాక్టర్‌ని మధ్యలో మార్చుకుంటే అడ్వాన్సు పోయినట్టేనా?

ప్రశ్న: మాది తిరుపతి. ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా చేస్తున్నాను. చిన్నప్పటి నుంచి నా ముందు పళ్ళ మీద గోధుమరంగు మచ్చలున్నాయి. మాఘమాసంలో పెళ్ళి. ఇక్కడ ఓ డెంటల్ క్లినిక్‌లో పై వరసలో ఎనిమిది పళ్ళకు వెనీర్లు (పళ్ళ ముందు భాగాన్ని కాస్త అరగదీసి అతికించే పల్చటి తొడుగులు) వేయాలని, మొత్తం 1,20,000 రూపాయలవుతుందని చెప్పారు. ఫోన్‌పేలో 40,000 అడ్వాన్సు కట్టాను. ఎక్స్‌రే తీశారు, నోట్లో స్కాన్ చేశారు, పళ్ళు ఎలా వస్తాయో కంప్యూటర్లో చూపించారు. పళ్ళు ఇంకా అరగదీయలేదు. ఈలోపు మా పిన్ని చిత్తూరులో ఒక డాక్టరమ్మకు చూపించింది. అరగదీయక్కర్లేదని, పై పొర శుభ్రం చేసి బ్లీచింగ్ చేస్తే మచ్చలు చాలావరకు తగ్గుతాయని ఆవిడ అన్నారు. ఆవిడ దగ్గరే చేయించుకోవాలని ఉంది. మొదటి క్లినిక్ వాళ్ళేమో "అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు అన్న కాగితం మీద సంతకం పెట్టారు కదా" అంటున్నారు. ఎక్స్‌రే, స్కాన్ ఇవ్వరట. మధ్యలో మానేస్తే మిగతా 80,000 కూడా కట్టాలంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ భయం వదిలేయండమ్మా. డాక్టర్‌ని మార్చుకునే హక్కు మీకు పూర్తిగా ఉంది. కారణం కూడా చెప్పక్కర్లేదు. పరీక్షకు ఒప్పుకున్నంత మాత్రాన చికిత్సకు ఒప్పుకున్నట్టు కాదని సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే స్పష్టంగా చెప్పింది. మీరు ఒప్పుకున్నది ఎక్స్‌రేకి, స్కాన్‌కి. పళ్ళు అరగదీయడానికి కూడా సంతకం పెట్టి ఉన్నా, పని మొదలుకాక ముందు వద్దనే హక్కు మీదే.

వెనీర్ కోసం ఒకసారి అరగదీసిన ఎనామిల్, అంటే పంటి పైనున్న గట్టి పొర, మళ్ళీ పెరగదు. అందుకే మీరిప్పుడు మంచి సమయంలో ఆగారు. అడ్వాన్సు పోతుందన్న టెన్షన్‌లో "సరే, కానివ్వండి" అని మాత్రం వెళ్ళి కుర్చీలో కూర్చోవద్దు. 40,000 కోసం తర్వాతైనా పోరాడొచ్చు. పోయిన ఎనామిల్‌ను ఏ కోర్టూ తెచ్చివ్వలేదు.

ఇక డబ్బు సంగతి. చేసిన పనికి డబ్బు తీసుకోవడం క్లినిక్ హక్కు, చేయని పనికి కట్టింది వెనక్కి అడగడం మీ హక్కు. కన్సల్టేషన్, ఎక్స్‌రే, స్కాన్, డిజైన్ వాళ్ళు చేశారు కాబట్టి వాటికి సబబైన ఖర్చు పట్టుకోవచ్చు. ల్యాబ్‌కి ఏదైనా పంపి ఉంటే దాని బిల్లు చూపించమనండి. మీ పళ్ళు అరగదీయలేదు కాబట్టి వెనీర్లు తయారై ఉండే అవకాశం చాలా తక్కువ. సంతకం పెట్టించుకున్నాం కదా అని మొత్తం మింగేస్తామంటే కుదరదు. ఒప్పందం తప్పినవారి నుంచి సమంజసమైన పరిహారం మాత్రమే రాబట్టుకోవచ్చని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. ఆ 80,000 బెదిరింపుకీ ఇదే సమాధానం. వేయని వెనీర్ల డబ్బు కావాలంటే వాళ్ళే సివిల్ కోర్టుకు వెళ్ళి, తమకు అంత నష్టం జరిగిందని రుజువు చేసుకోవాలి. అది అయ్యే పని కాదు.

ఎక్స్‌రే, స్కాన్ మీ నోటివి, మీ డబ్బుతో తీసినవి. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో రికార్డుల కాపీలు పొందే హక్కు, రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకునే హక్కు రెండూ ఉన్నాయి. స్కాన్ ప్రింటు ఇస్తే సరిపోదు, ఎస్‌టీఎల్ ఫైలే (మీ పళ్ళ త్రీడీ ఆకారం ఉండే కంప్యూటర్ ఫైలు) అడగండి. కొత్త డాక్టర్‌కి పనికొచ్చేది అదే. ఎక్స్‌రే కాపీ చేతికొస్తే మళ్ళీ తీయించుకునే ఖర్చూ తప్పుతుంది.

నోటిమాటలు ఇక చాలు. క్లినిక్‌కి వాట్సాప్‌లో, స్పీడ్ పోస్టులో ఒకే లెటర్ పంపండి. ఇలా రాస్తే చాలు: "ఫలానా తేదీన 40,000 రూపాయలు చెల్లించాను. వెనీర్ల చికిత్స కొనసాగించడానికి నా అంగీకారం లేదు. ఇంతవరకు చేసిన పనికి విడివిడిగా బిల్లు, నా ఎక్స్‌రే, స్కాన్ ఫైలు, కేసు షీటు కాపీలు ఇవ్వండి. బిల్లు పోగా మిగిలిన మొత్తం 15 రోజుల్లో నా ఖాతాకు జమ చేయండి." ఫోన్‌పే రసీదు స్క్రీన్‌షాట్, సంతకం పెట్టిన కాగితం ఫొటో దాచుకోండి.

స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. చాలా క్లినిక్‌లు ఆ దశలోనే దిగివస్తాయి. అప్పటికీ కాకపోతే తిరుపతిలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందకు వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. 5 లక్షల లోపు చెల్లింపులకు ఫీజు లేదు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు, గడువు రెండేళ్ళు. మన చిత్తూరు, తిరుపతి వాళ్ళు వైద్యానికి వేలూరు, చెన్నై, బెంగళూరు పోతుంటారు. అలాంటి వాళ్ళు కూడా 2019 చట్టం ప్రకారం తమ ఊరి కమిషన్‌లోనే కేసు వేయొచ్చు.

ఫిర్యాదు రాసేటప్పుడు రెండు జాగ్రత్తలు. మొదటిది, డాక్టర్ నిర్లక్ష్యం అని రాయకండి. ఒకరు వెనీర్లన్నారు, ఇంకొకరు బ్లీచింగ్ అన్నారు. ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం వేరైనంత మాత్రాన నిర్లక్ష్యం కాదని డాక్టర్ల నిర్లక్ష్యంపై సుప్రీంకోర్టు 2005లో ఇచ్చిన జాకబ్ మాథ్యూ తీర్పు చదివిన వాళ్ళెవరైనా చెబుతారు. ఆ మాట రాస్తే నిపుణుల అభిప్రాయం కావాలంటారు, తేలిగ్గా గెలిచే కేసు చిక్కుల్లో పడుతుంది. మీ ఫిర్యాదు ఒక్కటే: అందించని సేవకు తీసుకున్న డబ్బు వెనక్కి ఇవ్వలేదు, నా రికార్డులు ఇవ్వలేదు. రెండోది, ఆ సంతకం కాగితాన్ని "అన్యాయమైన కాంట్రాక్టు" అంటూ దాన్నే కేసుగా చేయకండి. ఆ కోవ ఫిర్యాదులు రాష్ట్ర కమిషన్ చూస్తుంది, విజయవాడ దాకా పోవాల్సి వస్తుంది.

ఆన్‌లైన్‌లో రివ్యూ రాయాలనిపిస్తే జరిగింది జరిగినట్టు రాయండి. "మోసగాళ్ళు" లాంటి మాటలు పరువునష్టం కేసుకు దారి తీస్తాయి.

మీలాగే మధ్యలో ఆగినా, డబ్బు ఈఎమ్‌ఐ అప్పుతో కట్టిన వాళ్ళు కొందరు అడుగుతున్నారు. వాళ్ళకు ఒక్క మాట. క్లినిక్‌తో గొడవ ఉందని కంతులు ఆపకండి. అప్పు ఫైనాన్స్ కంపెనీది, సిబిల్ స్కోరు మీది. రద్దు సంగతి క్లినిక్‌కీ, కంపెనీకీ ఒకేసారి రాతపూర్వకంగా తెలియజేయండి.

చిత్తూరు డాక్టరమ్మ దగ్గర మాత్రం డబ్బు కట్టకముందే ఏ పనికి ఎంత, మధ్యలో ఆపితే ఎంత తిరిగిస్తారు అన్నది రాయించుకోండి. లెటర్ రాయడంలోనో, ఫిర్యాదు వేయడంలోనో సాయం కావాలంటే 15100కి ఫోన్ చేసి జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి. ఆదాయంతో పనిలేకుండా మహిళలందరికీ అక్కడ లాయర్ సేవ ఉచితం.