బండి లేపేముందు ఆ వెనక రాడ్డు చూడరా

చిరంజీవి బుజ్జికి, మావయ్య ఆశీస్సులు.

సెకండ్ హ్యాండ్ ఇసుజు వీ-క్రాస్ పికప్పు కొన్నావని, దాన్ని రెండంగుళాలు లేపడానికి ఆన్‌లైన్‌లో కిట్టు కూడా తెప్పించావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. షెడ్డుకి ఇవ్వకుండా నీ చేత్తోనే బిగించుకుంటావంట. మీ అమ్మకి అంతా టెన్షనే. నాకు సగం టెన్షన్, సగం గర్వం. మన ఇంట్లో గోళ్ళలో గ్రీజు పెట్టుకుని అన్నానికి కూర్చునేవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నా ఇన్నాళ్ళూ. చదువుకున్నవాడు స్పానర్ పడితే నాకు ముచ్చటే, మీ నాన్న ఏమన్నా సరే.

ముందు ఇది చెప్పు. దేనికి లేపుతున్నావు? వానల్లో చెరువు గట్ల మీద మేత దింపుకోడానికా, లంకలోకి వరదొస్తే బండి ఆగకూడదనా, లేక అమలాపురం గడియారస్తంభం దగ్గర నలుగురూ చూడాలనా? మూడోదైతే సిగ్గుపడకుండా ఒప్పేసుకో, ఒక్క అంగుళంతో పని అయిపోతుంది. మొదటిదైతే విను. స్ప్రింగులు మార్చితే ఛాసిస్ లేస్తుంది గానీ వెనక యాక్సిల్ మధ్యలో గేర్లుండే గుండు, అంటే హౌసింగ్, లేవదు, అది యాక్సిల్‌తోపాటు ఉన్నచోటే ఉంటుంది. గట్టు మీద గాడి మధ్యలో తగిలేది అదే. దాన్ని పైకి తెచ్చేది పెద్ద టైరొక్కటే. ఇక వరదంటావా, 2022 జూలైలో లంకల్లో నీళ్ళు ఎంత ఎత్తున నిలబడ్డాయో నువ్వూ చూశావు. రెండంగుళాలు ఏ మూలకిరా?

చట్టం సంగతి కూడా తెలుసుకుని దిగు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది తెచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఆపితే నా పేరు చెప్పకు, నన్నెవరూ గుర్తుపట్టరు. కొనే ముందు అడగాల్సింది, కిట్టు వచ్చాక చెబుతున్నా. అయినా ఒక్కసారి ఆర్టీవో ఆఫీసులోనూ, ఇన్సూరెన్సు వాళ్ళనీ కనుక్కున్నాకే బోల్టు మీద చెయ్యి వెయ్యి.

మీ ఇంటి ముందు దొడ్డి పనికిరాదు. అక్కడ జాకీ వేస్తే మట్టిలోకి దిగిపోతుంది. రైస్ మిల్లు కళ్ళం గచ్చు అడుగు. జాకీ మీద ఉన్న బండి కింద దూరకు, స్టాండులు పెట్టు. కొబ్బరిచెట్టు నీడ చల్లగా ఉందని దాని కింద అసలు పెట్టకు, బానెట్ మీద కాయ పడితే నవ్వేది ఊరంతా.

ముందువైపు షాక్ అబ్జార్బరు, స్ప్రింగు ఒకే కట్టగా ఉంటాయి. దాని పైన పెట్టే స్పేసరు అంగుళం మందం ఉంటే చక్రం దగ్గర దాదాపు రెండంగుళాలు లేస్తుంది, ఎందుకంటే షాకు కింది ఆర్మ్‌కి చివర కాదు, మధ్యలో ఎక్కడో బిగించి ఉంటుంది. ఇది తెలియక రెండంగుళాలకి రెండంగుళాల స్పేసరు కొన్నవాళ్ళని చూశా. అంత లేపితే యాక్సిల్ జాయింట్లు వంకర తిరిగి రబ్బరు బూట్లు చిరుగుతాయి, పై ఆర్మ్ బాల్ జాయింటు కోణం చాలదు. స్ప్రింగు విప్పే పనైతే మాత్రం నువ్వు చెయ్యకు. కట్టని కట్టగా దించి, స్ప్రింగు నొక్కే ప్రెస్ ఉన్న షాపుకి తీసుకెళ్ళు. నొక్కిపెట్టిన స్ప్రింగు జారితే మొహం ఉండదు.

వెనక స్ప్రింగులుగా ఉండే కమాన్ కట్టల దగ్గరకొద్దాం. ఒక పట్టీ అదనంగా వేసుకుంటే నాకిష్టం. కమాన్‌కీ యాక్సిల్‌కీ మధ్య బ్లాకులు పెడితే ఒక్కటే, ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. కమాన్‌ని యాక్సిల్‌కి పట్టి ఉంచే పాత యూ బోల్టులు మళ్ళీ వాడొద్దు, ఒకసారి సాగినవి పట్టు నిలబెట్టవు.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. కాగితం ఇక్కడికొచ్చేసరికి నాకే చెయ్యి ఆగింది.

వనామీ రొయ్య కొత్తగా వచ్చి మన వైపు పొలాలన్నీ చెరువులవుతున్న రోజులు. నేను పనిచేసే షెడ్డుకి మేత మోసే పికప్ వ్యాను ఒకటి వచ్చింది. ఎప్పుడూ ఓవర్‌లోడే, వెనక కుంగిపోయి నడుస్తోంది. లేపమన్నారు. మా షెడ్డు ఓనరే స్వయంగా వెనక బ్లాకులు పెట్టి, పొడుగు యూ బోల్టులు వేసి, సాయంత్రానికి దించేశాడు. చూడ్డానికి బాగుంది. కానీ ఆ బండికి ఛాసిస్ మీద ఒక చిన్న వాల్వు, దాన్నుంచి వెనక యాక్సిల్‌కి వేలంత సన్నని రాడ్డు ఉన్నాయి. లోడు పడి వెనక కుంగితే రాడ్డు పైకి నెడుతుంది, వాల్వు తెరుచుకుని వెనక బ్రేకులకి ఎక్కువ ఒత్తిడి వెళ్తుంది. బండి ఖాళీగా ఉంటే తక్కువ ఇస్తుంది. బ్లాకు పెట్టి ఛాసిస్‌ని యాక్సిల్ నుంచి దూరం చేస్తే ఏమవుతుంది? ఎంత లోడెత్తినా వాల్వుకి అది ఖాళీ బండే. కిందకి లాగేసి ఉన్న ఆ రాడ్డుని చూసి మా కుర్రాడొకడు ఇదేంటని అడిగాడు కూడా. "తిరిగితే సర్దుకుంటుందిలేరా" అన్నాడు ఓనరు.

కొన్నాళ్ళు ఏం కాలేదు. ఓ రోజు పొద్దున్నే మేత బస్తాలతో నిండుగా కాలవ గట్టు మీద వస్తోంది, పైన సన్నటి జల్లు. గేదె అడ్డమొచ్చింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. బరువంతా వెనక ఉంది, బ్రేకంతా ముందు పడింది. ముందు చక్రాలు పట్టేశాయి. పట్టేసిన చక్రం స్టీరింగు మాట వినదురా, ఎటు తిప్పినా తిన్నగానే పోతుంది. తిన్నగా కాలవలోకి పోయింది. అద్దం దించి ఉండబట్టి డ్రైవరు ఈదుకుని బయటపడ్డాడు.

క్రేన్‌తో లాగాక నేను కిందకి దూరి చూశా. బస్తాలు నాని ఉబ్బిపోయి బాడీ పక్క తలుపు విరగ్గొట్టాయి. రాడ్డు మీద బురద చేత్తో తుడిస్తే, నట్టు పాత గుర్తు దగ్గరే ఉంది. ఎవరూ కదపలేదు. ఓనరు మాత్రం డ్రైవరు తాగాడని చెప్పాడు. ఆ మనిషి పండక్కి కూడా ముట్టనివాడు. పని పోయింది, ఆ మాట మాత్రం ఆయన వెంటే ఉండిపోయింది.

అందుకని ముందు బండి కింద పడుకుని చూడు. బ్రేకు తొక్కితే చక్రం పట్టెయ్యకుండా చూసే ఏబీఎస్ ఉన్న కొన్ని బళ్ళకి ఈ వాల్వు ఉండదు, అదృష్టం. ఉంటే, లేపినంత ఎత్తుకి సరిపోయే బ్రాకెట్టు వెయ్యి, లేదా మాన్యువల్ చూసి రాడ్డు సర్దు. వెనక చక్రాలు పూర్తిగా వేలాడదీసి బ్రేకు హోసు బిగుసుకుంటోందేమో కూడా అప్పుడే చూడు. కాటన్ దొర కాలవలు తవ్వించినప్పుడు గట్టు మీద తిరిగింది ఎడ్లబళ్ళు, కాలవలో పడవలు. గోడ కట్టాల్సిన అవసరం ఎవరికి తోచింది? నువ్వు రోజూ తిరిగేది ఆ గట్ల మీదే. పైగా లేపిన బండి పక్కకి ఎక్కువ ఒరుగుతుంది. ఎదురుగా బస్సొస్తే అంచుకి దిగకు, ఆగి వాణ్ణే పోనీ.

ఆర్మ్ బోల్టులు, కమాన్ చివర్ల కన్నాల్లో ఉండే బోల్టులు చక్రాలు గాల్లో ఉండగా ఫైనల్ టైటు చెయ్యకు. నేల మీద దించి, బండి బరువు పడ్డాకే బిగించు. లేకపోతే బుష్షు రబ్బరు మెలిపడిపోయి తొందరగా చిరుగుతుంది. టార్క్ రెంచి నా దగ్గరుంది, పంపిస్తా, విరగ్గొట్టకు. యూ బోల్టులు వంద కిలోమీటర్లకి ఒకసారి, ఐదొందలకి ఇంకోసారి చూసుకో. అలైన్‌మెంట్ అదే రోజు చేయించు, హెడ్‌లైట్లు కిందకి దింపించు. రాత్రిపూట ఎదుటివాడి కళ్ళలో వెలుతురు కొడితే కాలవలో పడేది వాడు.

ఇంకా ఏమీ విప్పకముందే, నాలుగు చక్రాల దగ్గరా మధ్య నుంచి ఫెండరు అంచు దాకా టేపుతో కొలిచి రాసుకో. నేల నుంచి కొలిస్తే టైర్లలో గాలి తేడాతో లెక్క తప్పుతుంది. ఆ కొలతలూ, వెనక యాక్సిల్ ఫోటో వాట్సాప్‌లో పెట్టు. అవి చూసి నేను ఫోన్ చేసేదాకా కిట్టు అట్టపెట్టెలోనే ఉండనీ.

మీ మావయ్య