రెండేళ్లకే రంగుల పేర్లా!

"రెండేళ్ల మా పాపకి రంగులు రావట్లేదు, మాటలు లేటు అని ప్లేస్కూల్ రిపోర్టులో రాశారు, భయపడాలా" అని కదా మీరడిగింది. నేను తిరుపతిలో అంగన్‌వాడీ టీచర్ని, ముందు ఆ రిపోర్టు పక్కన పెట్టండమ్మా. అమెరికా సర్కారు ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్లు, ఏ వయసుకి పిల్లోళ్లకి ఏం రావాలని 2022లో మార్చిన లిస్టులోనే రంగుల పేర్లు చెప్పడం నాలుగేళ్లకి పెట్టినారు, మనూరి ప్లేస్కూళ్లు వాళ్లకంటే తొందరగా ఉండాయి.

పోయినేడు ఒకమ్మ ఇట్లాంటి రిపోర్టే పట్టుకోనొచ్చింది, పిల్లోడికి స్పీచ్ డిలే అని రాసినారు. పెద్దపాప మా సెంటర్‌కే వస్తుంది, దాంతోపాటు వీడూ వచ్చి కూర్చుంటాడు. నేను బొమ్మల చార్టు చూపించి ఆవేదిరా, కుక్కేదిరా అంటే గోడ చూస్తాడు, నాకూ అనుమానమొచ్చింది. మధ్యాన్నం మా ఆయమ్మ గుడ్లు ఒలస్తా ఉంటే వీడు లేసిపోయి ఆమె కొంగు పట్టుకోని "పాట్టీ, ముట్ట వేణుం" అన్నాడు, అవ్వా గుడ్డు కావాల అని! ఆయమ్మ నవ్వతా ఒకటి చేతిలో పెడితే ఇంకోటి కూడా అడిగినాడు. వాళ్లింట్లో తమిళం, పొద్దస్తమానం అవ్వ దగ్గరే ఉంటాడు. రెండేళ్లకి చూడాల్సింది రెండు మాటలు కలపతాడా అని, వీడు మనిషిని పిలిచి మరీ అడిగినాడే! అట్లాంటోణ్ని ఇంగ్లీషులో వాట్ కలర్ అంటే యాడ చెప్తాడు? మన పక్క తమిళం మాట్లాడే ఇండ్లు తక్కువా చెప్పండి.

మాకూ రాసేది తక్కువేం లేదు. ఎత్తు, బరువు, ఫోటో అన్నీ ఫోన్లో ఎక్కించాల, సిగ్నల్ ఉండదు, ఫోన్ ఎత్తి పట్టుకోని వాకిట్లో తిరగతా ఉంటే లోపల పిల్లోళ్లు ఏం మాట్లాడతా ఉండారో వినేదెవరు?

అట్లని అన్నిటికీ గమ్మునుండమని కాదు. వచ్చిన మాటలు పోతా ఉంటే, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోతే, ఏడాదిన్నరకీ పట్టుకోకుండా నడవకపోతే మాత్రం ఆగొద్దు, డాక్టర్‌కి చూపించండి, మాటల సంగతైతే ముందు చెవుల టెస్టు చేయించండి. ఏడాదికి రెండుసార్లు ఆర్‌బీఎస్‌కే అని, పిల్లోళ్ల ఆరోగ్యం చూసే సర్కారు పథకం డాక్టర్లు అంగన్‌వాడీలకే వచ్చి చూస్తారు, డబ్బులేం తీసుకోరు, మీ వీధి టీచర్‌ని అడిగి పాపని ఆరోజు తీసకపోండి.

ప్లేస్కూల్ వాళ్లని మాత్రం పాపని ఏ భాషలో అడిగినారో కనుక్కోండి. రిపోర్టు వెనకాల స్పీచ్ క్లాస్ ఫీజు కాయితం ఏమన్నా పెట్టినారేమో అదీ చూడండి.