ఉల్లి వేరు స్లైడులో కణ విభజన కనిపించదేం?

ప్రశ్న: ఉల్లి వేరుతో మూడుసార్లు స్లైడు చేశాం. గుండ్రటి కేంద్రకాలున్న పొడవాటి కణాలే కనిపిస్తున్నాయి. పుస్తకంలో బొమ్మ వేసిన దశలు ఒక్కటీ దొరకలేదు. తప్పెక్కడ జరిగింది?

జవాబు: పొడవాటి కణాలు అన్నారు కదా, అక్కడే దొరికింది తప్పు. విభజన జరిగేది వేరు కొసన ఒకటి రెండు మిల్లీమీటర్ల మేరే. దానికి పైనున్న కణాలు విభజన మానేసి నిలువుగా సాగే పనిలో పడతాయి. మీరు చూసినవి ఆ సాగినవే. విభాజ్య కణాలు చిన్నగా, దాదాపు చదరంగా ఉంటాయి. కణంలో పెద్ద భాగం కేంద్రకమే ఆక్రమిస్తుంది.

వేర్లు 2-3 సెంటీమీటర్లు పెరిగాక కొసలు కోయండి. మూడు వంతుల ఇథైల్ ఆల్కహాలు, ఒక వంతు గ్లేషియల్ (నీరు కలపని) ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో 24 గంటలు ఉంచండి. కణాలు ఏ దశలో ఉంటే ఆ దశలోనే నిలిచిపోతాయి. ఈ ద్రవాన్ని ఎప్పటికప్పుడు కలుపుకోవాలి. నిల్వ ఉంచితే ఆమ్లం, ఆల్కహాలు చర్య జరుపుకుని ఎస్టరుగా మారి పట్టు తగ్గుతుంది. మంట దగ్గర పెట్టకండి.

తర్వాత కొసలను నీటితో కడిగి, 60 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉన్న 1 నార్మల్ గాఢత గల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 5 నుంచి 8 నిమిషాలు ఉంచండి. చాలామంది తొందరపడేది ఇక్కడే. కణాలను ఒకదానికొకటి అంటించి ఉంచే పెక్టిన్ జిగురును కరిగించేది ఈ ఆమ్లమే. సమయం చాలకపోతే కణాలు విడివడక దొంతరలుగా ఉండిపోతాయి, మరీ ఎక్కువైతే కొస చిదికిపోయి రంగు కూడా సరిగా పట్టదు. ఆమ్లం పోయేలా మళ్లీ కడిగి, క్రోమోజోములకు రంగు పట్టించే ఎసిటోకార్మిన్‌లో పావుగంట ఉంచండి. ముదురుగా రంగు పట్టిన కొస భాగాన్ని మాత్రం స్లైడు మీదకు తీసుకుని మిగతాది పారేయండి. 45 శాతం ఎసిటిక్ ఆమ్లం ఒక చుక్క వేసి కవర్ స్లిప్ కప్పండి. పెన్సిల్ మొద్దు కొసతో మెల్లగా తట్టండి. పైన వడపోత కాగితం పరచి బొటనవేలితో నిట్టనిలువుగా నొక్కండి. కవర్ స్లిప్ వెంట్రుకవాసి పక్కకు జరిగినా కణాలు చుట్టుకుపోతాయి, ఆ స్లైడు ఇక పనికిరాదు.

ఇంత చేసినా చాలా కణాలు అంతర్దశలోనే (రెండు విభజనల మధ్య కాలంలోనే) కనిపిస్తాయి. అది మీ లోపం కాదు, కణం జీవితంలో ఎక్కువ కాలం గడిచేదే ఆ దశలో. కాబట్టి కనిపించినవాటిని లెక్కపెట్టండి. ఉదాహరణకు 400 కణాల్లో ప్రథమ దశలో 22, మధ్యస్థ దశలో 6, చలన దశలో 3, అంత్య దశలో 5 ఉన్నాయనుకోండి. మొత్తం 36, అంటే 9 శాతం. కణ చక్రం 20 గంటలనుకుంటే విభజనకు పట్టేది సుమారు 1.8 గంటలు, చలన దశకైతే 9 నిమిషాలే. ఎన్ని స్లైడులు వెతికినా చలన దశ అరుదుగా దొరకడానికి కారణం అదే. ప్రథమ దశ ఎక్కడ మొదలైందో తేల్చడం మాత్రం కష్టం. ఒకే స్లైడును ఇద్దరు లెక్కపెడితే ఆ అంకెలోనే తేడా వస్తుంది.

ప్రశ్న: అంతర్దశలో భాగమైన ఎస్ దశలో డీఎన్ఏ రెట్టింపవుతుంది కదా, మరి మనిషి కణంలో క్రోమోజోములు 92 ఎందుకు కావు?

జవాబు: క్రోమోజోములను సెంట్రోమియర్లను (క్రోమోజోము మీది నొక్కు భాగాలను) బట్టి లెక్కిస్తారు. డీఎన్ఏ రెట్టింపయ్యాక ప్రతి క్రోమోజోములో రెండు క్రొమాటిడ్లు (ఒకేలాంటి పోగులు) ఉంటాయి, కానీ అవి ఒకే సెంట్రోమియర్ వద్ద కలిసి ఉంటాయి. అందుకే 46 క్రోమోజోములు, 92 క్రొమాటిడ్లు. చలన దశలో అవి విడిపోయినప్పుడు కొద్దిసేపు ఆ కణంలో నిజంగానే 92 ఉంటాయి, తర్వాత చెరో 46. ఉల్లిలో ఇదే వరస 16, 32, 16.

బీజకణాలు ఏర్పడే క్షయకరణ విభజన మొదటి అంచెలో సెంట్రోమియర్లు చీలవు, విడిపోయేవి సమజాత క్రోమోజోముల (తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చినవాటి) జతలు. అందువల్ల ఒక్కో కణానికి 23 వస్తాయి, ప్రతిదానికీ ఇంకా రెండేసి క్రొమాటిడ్లు ఉంటాయి. పరీక్షల్లో ఎక్కువగా తప్పేది ఈ ఒక్కచోటే.

ప్రశ్న: కణం విడిపోకుండా పెరుగుతూనే ఉంటే ఏమవుతుంది?

జవాబు: కణాన్ని ఒక ఘనమనుకోండి. దాని భుజం 1 యూనిట్ అయితే ఉపరితలం 6, ఘనపరిమాణం 1. భుజం 2 అయితే ఉపరితలం 24, ఘనపరిమాణం 8. లోపలి ప్రతి యూనిట్‌కూ దక్కే పొర 6 నుంచి 3కు పడిపోయింది. ఆక్సిజన్ రావాలన్నా వ్యర్థాలు పోవాలన్నా ఆ పొరే దారి.

అయితే విభజనకు ఇదొక్కటే కారణమని రాయకండి. ఫలదీకరణ జరిగిన కప్ప అండం మొదట్లో ఏమాత్రం పెరగకుండానే విభజన చెందుతూ పోతుంది, కణాలు అంతకంతకూ చిన్నవవుతాయి. పెరుగుదల, విభజన సాధారణంగా కలిసి నడుస్తాయి, కానీ ఒకటి లేకుండా మరొకటి జరగగలదు.